హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి

గేటు పడింది. నా కళ్ళ ముందే పడింది. ఇంకో నాలుగు బారలు ముందుంటే దాటేసేదాన్ని, ఆ పాలక్యాన్ల మోపెడ్ అడ్డం రాకుంటే, స్పీడ్ బ్రేకర్ దగ్గర నేను అంతగా తగ్గించకుంటే. ఎరుపు తెలుపు చారల కడ్డీ ఏ తొందరా లేకుండా దిగివచ్చి బండి ముందు అడ్డంగా నిలబడింది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా నలభై కిలోమీటర్లు నేను బండిని ఒక్కసారి కూడా ఆపలేదు. లింగంపేట దాటాక గొర్రెల మంద వస్తే రోడ్డు దిగి మట్టిలోంచి పోనిచ్చాను, ఆ గొర్రెలాయన తిట్టిన తిట్లన్నీ కిటికీలోంచి లోపలికి వచ్చాయి. రోడ్డు మీద మక్కజొన్నలు, అవే మక్కలు, ఆరబోసిన చోట లారీ ఎదురైతే మక్కల మీదనుంచే ఎక్కించాను, పాపం ఎవరివో. చూసినవాళ్ళు ఈమె చెయ్యి తిరిగిన డ్రైవరు అనుకుని ఉంటారు. అసలు సంగతేమిటంటే కదులుతున్న బండిని నడపడం నాకు వచ్చు, ఆగిన బండిని కదిలించడమే రాదు. ఆపకుండా పోతే చాలు, ఆసుపత్రి వాకిట్లోనే ఒకేసారి ఆపుదాం అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆగింది. అదీ పట్టాల వైపు రోడ్డు ఎత్తుకు లేచే చోట, అందరికన్నా ముందు. పక్క సీట్లో మా ఆయన ఎడమ చేత్తో రొమ్ము పట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు.

పది ముప్పై ఏడు. పదకొండు దాటనీయొద్దు సిస్టర్ అన్నాడు మా డాక్టరు ఫోనులో. పొద్దున బడికి తయారవుతూ గ్యాస్ అన్నాడీయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "చిక్కుడుకాయ పడలే రూతూ, గింత సోడా తే" అన్నాడు. పద్నాలుగేళ్ళ నుంచి ఏఎన్ఎం పని చేస్తున్నాను, ఎంతమంది మగవాళ్ళు గ్యాస్ గ్యాస్ అంటూ సోడాలు తాగి ఆలస్యం చేశారో నాకు తెలుసు, అయినా సోడా సీసా చేతికి తీసుకున్నాను. ఆయన మెడ మీద చెమట చూసి మళ్ళీ పెట్టేశాను. ఫ్యాను తిరుగుతోంది, చలికాలం, చెమటేంటి. సబ్ సెంటర్ సంచీలోని ఆస్పిరిన్ గోలీ తీసి నమిలించాను. అంబులెన్సు తండాలో కాన్పుకు వెళ్ళింది, గంట పడుతుందన్నారు. గుండె డాక్టరు కామారెడ్డిలోనే ఉంటాడు. డ్రైవరు ఎవరైనా దొరుకుతాడా అని వీధి చివరి దాకా పరుగెత్తి వచ్చాను, ఎవ్వరూ లేరు, అందరూ కోతలకు పోయారు. పక్కింటి ఈరవ్వ ఒళ్ళోని బీడీల చేట కింద పెట్టి లేచి వచ్చి ఆయన భుజం పట్టుకుంది, ఇద్దరం నడిపించుకుంటూ తెచ్చాం. వెనక సీట్లో పడుకో అంటే వినడే. "ముందల్నే కూసుంట. నువ్వెట్ల నడుపుతవో సూడాలె" అన్నాడు. ప్రాణం మీదికి వచ్చినా చూడాలట. ఈరవ్వకు ఆ మాటకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నాకు రెండూ రాలేదు, తాళంచెవి ఎటు తిప్పాలో అదొక్కటే చూసుకున్నాను. మా వాకిలి పల్లంగా రోడ్డుకు దిగుతుంది కాబట్టి బండి తనంతట తానే కదిలింది, లేకుంటే ఇంటి ముందే తెలిసిపోయేది నా బతుకు.

కామారెడ్డి ఊళ్ళోకి చొరబడే ముందు దారి రెండుగా చీలిన చోట పైవంతెన వైపు తిప్పాలనే చూశాను. కాస్త చుట్టు, అయితే ఏమి, ఆగే పని లేదు. ఈయన కళ్ళు తెరవకుండానే చేత్తో ఇటు చూపించాడు. "గేటు దిక్కు పో, దగ్గరైతది." నేను తిప్పేశాను. ఆలోచించనేలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేయి ఎటు చూపిస్తే అటు తిరగడం అలవాటైన మెడ నాది, ఆయన గుండె పట్టుకుని ఉన్నా సరే తిరిగింది. ఇప్పుడు వెనక్కు పోదామంటే అద్దంలో ట్రాక్టరు మొహం తప్ప ఏమీ కనబడటం లేదు, దాని వెనక లారీ, దాని వెనక బస్సు. మా దగ్గర గేటు పడితే ఎవరి పక్కన వాళ్ళు నిలబడరు. కుడి ఎడమ అని లేదు, రోడ్డంతా నిండుతుంది, అటువైపూ అంతే నిండుతుంది, రెండు ఊళ్ళు కొట్లాటకు వచ్చినట్టు ఎదురెదురుగా నిలబడతాయి బండ్లు. కడ్డీ లేవగానే ఎవరి ముక్కు ముందు దూరితే దారి వాళ్ళది, మిగిలినవాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటూ పావుగంట వెనకకూ ముందుకూ. ఆ పావుగంటలో ఇంకో రైలు సిగ్నల్ పడుతుంది. మొదటి క్షణంలో కదలాలి. క్లచ్చు మీద కాలు పెట్టి మూడుసార్లు బండి బందు చేసుకునే నాలాంటి దానికి మొదటి క్షణం ఎక్కడిది. ప్రభువా, నీకు ఈ గేటు దగ్గరే దొరికానా నేను.

ఆయన నాడి చూస్తాను. ఉంది, పరుగెత్తుతోంది, మధ్యలో ఒక అడుగు తప్పుతోంది. ఆయన కుడి చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద ఉంది. బండి ఆగగానే ఆ చెయ్యి తనంతట తాను వెళ్ళి కర్రుమని పైకి గుంజింది. నొప్పితో పళ్ళు బిగబట్టిన మనిషి, కళ్ళు మూసుకున్న మనిషి, గుంజాడు. అప్పటి నుంచి తీయలేదు, పిడికిలి తెల్లబడిపోయింది. మొదట్లో, నాకు లైసెన్సు వచ్చిన కొత్తలో, ఆయన చెయ్యి గేరు మీద ఉండేది, కొంచెం దయ కలిగి హ్యాండ్ బ్రేకు మీదికి మారింది. నేను నడుపుతున్నంతసేపూ అక్కడే. ఆరు నెలల కింద గాంధారిలో అంగడి రోజు ఎత్తుకు లేచే ఎక్కుడు మీద బండి ఆగిపోతే, క్లచ్చు వదలాలా బ్రేకు వదలాలా తెలియక రెండూ వదిలేశాను, బండి వెనక్కు జారి ఎవరిదో జీపుకు తగిలింది. దెబ్బేమీ పెద్దది కాదు, ఒక దీపం పగిలింది. ఆయనతో పని చేసే పోచయ్య సారు అక్కడే మిర్చీలు తింటున్నాడు, వాళ్ళావిడ కూడా. ఈయన హ్యాండ్ బ్రేకు గుంజి, గుంజిన చేత్తోనే తలుపు వైపు చూపించి, "దిగు" అన్నాడు. అంతే, ఒక్క మాట. అరిచినా బాగుండేది. నేను దిగి బండి ముందునుంచి చుట్టు తిరిగి పక్క సీటుకు వచ్చాను, అంగడి మొత్తం చూస్తుండగా, ఆ నాలుగు అడుగులు నాకు ఇప్పటికీ అరగలేదు. ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు నేను. ఆయనా ముట్టుకో అనలేదు.

మైసన్న ఉంటే ఏమనేవాడో. ఎల్లారెడ్డిలో డ్రైవింగు నేర్పే మైసన్న, ఒకప్పుడు లారీ నడిపినాయన, మోకాళ్ళు అరిగిపోయాక పాత కారు కొని నేర్పడం పెట్టుకున్నాడు. ఆయన కారులో ఆయన వైపు కూడా క్లచ్చూ బ్రేకూ ఉంటాయి. మొదటి పది రోజులు నేను రాణిలా నడిపాను. క్లచ్చు వదిలితే బండి నూనె రాసినట్టు కదిలేది, మిగతా ఆడవాళ్ళు ఎందుకు భయపడతారో అనుకునేదాన్ని, ఇంటికి వచ్చి ఈయనకు గొప్పలు కూడా చెప్పాను. పదకొండో రోజు కొంగు జారితే సర్దుకుందామని వంగి చూసేసరికి కింద మైసన్న చెప్పు మెల్లగా పైకి లేస్తోంది. ఇన్నాళ్ళూ నేను కదిలించాననుకున్న బండిని ఆయన కాలు కదిలిస్తోంది. నా మొహం మాడిపోయింది. ఆయన దాచలేదు. "నీ కాలు నేర్సుకునేదాంక నా కాలు అబద్ధం ఆడుతది బిడ్డా, గది మా పద్ధతి" అన్నాడు. మర్నాటి నుంచి రెండు కాళ్ళూ సీటు మీదికి ఎత్తి సక్లంముక్లం పెట్టుకుని కూర్చున్నాడు, నేను ఒక్క గంటలో పదిహేడుసార్లు బండి బందు చేశాను. నెల అయిపోయింది, పరీక్షలో ఎలా గట్టెక్కానో అది వేరే కథ. ఎవరైనా పక్కనుంచి తొక్కుతుంటేనే కదిలేదాన్ని అన్న సంగతి మాత్రం లోపల పడిపోయింది. పెళ్ళికి ముందు మా బాపు తొక్కాడు, తర్వాత ఈయన. ఉద్యోగం దరఖాస్తు కూడా ఈయనే నింపాడు, నా సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి.

కిటికీ దించి అరిచాను. "అన్నా, గుండె నొప్పి పేషెంటు ఉన్నడు, ఒక్క నిమిషం లేపవా!" గేటు మనిషి ఆకుపచ్చ జెండా చంకలో పెట్టుకుని నా వైపు వచ్చాడు, లోపలికి తొంగి చూశాడు, మంచివాడే, మొహం వాడిపోయింది. "సిగ్నల్ ఇచ్చిన అమ్మా. ఇగ బండి పోయేదాంక నేను లేపుదామన్నా లేవది, తాళం పడిపోతది. రెండు బండ్లున్నయి, ఒకటి ఇటు, ఒకటి అటు." రెండు. మోసుకుని పట్టాలు దాటిద్దామా, అటువైపు ఆటో ఎక్కిద్దామా అని ఎవరో అన్నారు. ఈయన నడిస్తే ఆ గుండె ఏమవుతుందో నాకు తెలుసు, ఎనభై కిలోల మనిషిని ఆ కంకర మీద మోస్తూ ఎవరు తడబడినా ఏమవుతుందో తెలుసు. అసలు తలుపు తెరుచుకుంటే కదా. నా వైపు రెండు మోటారు సైకిళ్ళు, ఆయన వైపు మూడు, తలుపు జానెడు తెరుచుకుని ఎవరిదో సైలెన్సరుకు తగిలి ఆగింది. వాళ్ళు జరగడానికి వాళ్ళ పక్కన చోటు లేదు. హెల్మెట్ తీసి ఒకతను కిటికీలోంచి, "అక్కా, నేను నడుపుత, నువ్వు జరుగు" అన్నాడు. ఎంత చల్లని మాట. నా చెయ్యి సీటు బెల్టు మీదికి వెళ్ళిపోయింది, నిజం చెబుతున్నాను, సిగ్గేమీ లేదు, మనిషి బతికితే చాలు. పక్కనుంచి ఈయన గొంతు, "ఆయనకియ్యి రూతూ. నువ్వు దిగు." ఎక్కడికి దిగను. తలుపు జానెడు. ఆ కుర్రాడు ఈ సందులోంచి దూరలేడు, నేను బయటికి రాలేను. అతను తల అడ్డంగా ఊపి హెల్మెట్ పెట్టుకున్నాడు. దిగు అన్న మాట రెండోసారి విన్నాను, ఈసారి దిగడానికి జాగా కూడా లేదు.

మొదటి రైలు వచ్చింది, గూడ్సు, బొగ్గో సిమెంటో, ఒక్కొక్క పెట్టె నన్ను చూసి పోతున్నట్టు పోయింది. ఎన్ని పెట్టెలని లెక్కపెట్టబోయి మానుకున్నాను. కోపం వస్తోంది నాకు, చచ్చిపోతాడేమో అనుకుంటున్న మనిషి మీద కోపం, ఇంతకన్నా పాపం ఉంటుందా. ఈయన చెడ్డవాడైతే సులువుగా ఉండేది. ఉద్యోగం వచ్చిన కొత్తలో నాకు సైకిలు నేర్పాడు, చర్చి వెనక మైదానంలో, సబ్ సెంటర్లకు తిరిగే పనికి సైకిలు రావాలని. వెనక క్యారియరు పట్టుకుని పరుగెత్తేవాడు. నేర్పేవాళ్ళందరూ ఒకరోజు చెప్పకుండా వదిలేస్తారట, తొక్కేవాళ్ళు వెనక్కి చూస్తే ఎక్కడో దూరంగా నవ్వుతూ నిలబడి ఉంటారట. నేను నెల రోజుల తర్వాత వెనక్కి చూస్తే ఈయన ఇంకా క్యారియరు పట్టుకునే ఉన్నాడు, చొక్కా తడిసిపోయి, రొప్పుతూ. "ఇడువలే, ఇడువలే, నువ్వు తొక్కు" అన్నాడు గర్వంగా. నాకు ఆ రోజు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. సైకిలు మాత్రం రాలేదు. పద్నాలుగేళ్ళూ ఊళ్ళన్నీ నడిచే తిరిగాను, లేదా ఈయనే దింపాడు, వానలో, ఎండలో, ఒక్కనాడు విసుక్కోకుండా. ఆ చెయ్యే ఇది. గోళ్ళ దగ్గర నీలంగా మారుతోంది, రూతూ, చూడు, నువ్వు నర్సువు కదా, పది నలభై ఆరు.

చెప్పులు విప్పేశాను. మైసన్న మాట. "సెప్పులు ఇడిచి తొక్కు బిడ్డా, అరికాలికి ఎరుకైతది." ఇంకేదో చెప్పాడు, ఎక్కుడు గురించి, ఆఖరి రోజు, మార్కెట్టు వెనక గుట్ట రోడ్డు మీద. ఏంటది. బండిని అక్కడ ఆపించాడు, వెనక జారుతుందని నేను ఏడుపు మొహం పెట్టాను. "హ్యాండ్ బ్రేకు గుంజు. ఆఁ. ఫస్టు గేరు. ఇగ రేసు ఇయ్యి, భయపడకు, ఇంకా ఇయ్యి. క్లచ్చు పైకి రానియ్యి, జరంత, జరంత. ఇగో సూడు, బండి ముక్కు లేస్తది. గాడ పట్టు. పట్టినవా? గిప్పుడు బ్రేకు ఇడువు." బండి వెనకకు ఒక్క అంగుళం పోలేదు, ముందుకు దూకింది. నేను కేక పెట్టాను, మైసన్న పకపకా నవ్వాడు. కాళ్ళు సీటు మీదే ఉన్నాయి ఆయనవి. అంటే అది నేనే కదిలించాను. ఆ ఒక్కటి నాదే. గాంధారిలో ఎందుకు గుర్తు రాలేదు? గాంధారిలో బ్రేకు నా చేతిలో లేదు. ఇప్పుడూ లేదు, అయినా గుంజే ఉంది, సగం పని అయ్యే ఉంది. వదలడమే మిగిలింది, అది మాత్రం వదిలేవాడి చేతిలో ఉంది.

రెండో రైలు ప్యాసింజరు. కిటికీల్లో మనుషులు పల్లీలు తింటున్నారు, ఒకామె నన్ను చూసింది, వెళ్ళిపోయింది. చివరి పెట్టె. అటువైపు ఆటోలు గుర్రుమన్నాయి, ఇటువైపు ట్రాక్టరు హారన్ నా వీపు మీదే కొడుతోంది. కడ్డీ వణికింది. క్లచ్చు నొక్కాను, ఫస్టు గేరు, రేసు, ముల్లు రెండు వేలు దాటింది, అరికాలు కింద క్లచ్చు మెల్లగా లేచింది, ఆ చిన్న వణుకు, ఆఁ, ముక్కు లేచింది. కడ్డీ పైకి వెళ్ళిపోయింది. "ఇడువు" అన్నాను. ఆ చెయ్యి కదల్లేదు. "ఇగో, ఇడువుమంటున్న!" ఆయన పెదాలు కదిలాయి. "ఎనుకకు పోతది రూతూ." నా కాలు తడబడింది, బండి ఒక్కసారి ఎగిరి దగ్గి బందయింది. లోపల ఎంత నిశ్శబ్దం. బయట వంద హారన్లు. మోటారు సైకిళ్ళు పక్కలనుంచి చీమల్లా పోతున్నాయి, ఎదురుగా ఒక ఆటో అప్పుడే అటు పట్టాల మీదికి ఎక్కింది, దాని వెనక జీపు, దాని వెనక ఊరంతా. అయిపోయింది, మూసుకుపోతోంది దారి, నా మూలాన పోతాడు ఈయన, ఈయన మూలాన ఈయనే పోతాడు.

క్లచ్చు నొక్కి తాళంచెవి తిప్పాను. నా ఎడమ చెయ్యి తీసి ఆయన చేతి మీద వేశాను. చల్లగా ఉంది, చెమటగా ఉంది, కింద ఆ ఇనుము. "ఎనుకకు పోదు" అన్నాను. "నేను పట్టుకున్న. నువ్వు ఇడువు." ఆయన కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, రోడ్డును కాదు, నన్ను. భయం ఆ కళ్ళల్లో, ఇరవై రెండేళ్ళుగా నాకు చూపించకుండా దాచుకున్నంత భయం, బండి గురించి కాదది. రేసు ఇచ్చాను. ఇంకా ఇచ్చాను, భయపడకు, ఇంకా. అరికాలు వెతుక్కుంది, దొరికింది, ముక్కు లేచింది, అక్కడ పట్టాను. ఆయన బొటనవేలి మీద నా బొటనవేలు పెట్టి మీట నొక్కాను. కింద ఆ పిడికిలి ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత మెత్తబడింది. ఇద్దరి చేతులూ కలిసి దిగాయి.

బండి దూకింది. హారన్ మీద చెయ్యి తీయలేదు నేను, ఎదురు ఆటో మధ్య పట్టాల మీద నిలబడింది, ఆటోవాడు నా మొహం చూశాడో పక్కన మనిషిని చూశాడో, తన ముందు చక్రాన్ని పక్కకు లాగేశాడు. పట్టాల మీద ఎత్తేసింది, దడదడలాడింది, "మెల్లగ, మెల్లగ" అన్నాను బండితోనో ఆయనతోనో, దిగాం, అటువైపు దిగాం. జీపు జరిగింది, పండ్ల బండి జరిగింది, రోడ్డు తెరుచుకుంది. ఆసుపత్రి బోర్డు దూరంగా వేపచెట్టు పైనుంచి కనబడుతోంది. పది యాభై రెండు. ఏడుపు ఇప్పుడు వచ్చింది నాకు, రోడ్డు కనబడకుండా, కొంగుతో తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. ఆయన చెయ్యి బ్రేకు మీద లేదు, ఒళ్ళో పడి ఉంది. వేళ్ళు కదులుతున్నాయి.

"రూతూ" అన్నాడు, మళ్ళీ కళ్ళు మూసుకుని, పీలగొంతుతో. "సెకండు వెయ్యి."

"థర్డుల ఉన్న" అన్నాను.